ఎండను ఇంట్లోకి తెచ్చే లెక్క

(డిసెంబరు 17, 2025 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఆగిరిపల్లిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఈ రోజు విశేషం ఒక్క మాటలో స్మరించుకుందాం. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పింఛను దయాదాక్షిణ్యం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పుతో తేలింది. ఆ హక్కుగా వచ్చిన డబ్బును కాపాడుకునే విషయంలో నాకు ఎదురైన అనుభవమే ఈనాటి నా ప్రసంగం. నేను వక్తను కాను. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాదే కరెంటు బోర్డులో చేరి, స్తంభాలెక్కి, దిగి, 2011లో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాడిని. నాకు వచ్చిన విద్య ఒక్కటే, యూనిట్ల లెక్క. ఆ లెక్కే ఈ మధ్య మా తోటను నిలబెట్టింది.

మనవడు తెచ్చిన ప్రతిపాదన

మా అమ్మాయి కొడుకు నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదువుకుని, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక రంగుల పుస్తకం నా ముందు పెట్టాడు. "తాతయ్యా, మట్టి లేకుండా, ఎండ లేకుండా, నాలుగు గోడల మధ్య అయిదంతస్తుల అరల్లో ఆకుకూరలు పండించవచ్చు. కరెంటు సోలార్ నుంచి వస్తుంది. బిల్లు సున్నా. మనం షెడ్డు వేస్తే చాలు, సరుకంతా కంపెనీయే కొంటుంది" అన్నాడు. షెడ్డు వెయ్యి చదరపు అడుగులు. కప్పు మీద, పక్కన కలిపి 20 కిలోవాట్ల సోలార్ పలకలు. నేను దాచుకున్న గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు పదిహేను లక్షలు పెట్టాలి. మిగతాది తోట కాగితాల మీద అప్పు. షెడ్డుకు, పలకలకు స్థలం కావాలి గనుక తోటలో తూర్పు వైపు చెట్లు తీసెయ్యాలి.

ఆ తూర్పు వైపు చెట్లు మా నాన్నగారు పాతినవి. చిన్నరసాలు పధ్నాలుగు. నూజివీడు రసాల రుచి ఎరిగినవారికి నేను వివరించనక్కరలేదు. మా ఇంటావిడ ఆ మాట విని, వడ్డిస్తున్న గిన్నె అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

పిల్లవాడి మీద కోప్పడలేదు. ఊరికి తిరిగి వద్దామనుకునే కుర్రవాడు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు? "నాన్నా, రెండు రోజులు గడువివ్వు. లెక్క వేసి చెబుతాను" అన్నాను. కంపెనీ పేరు ఇక్కడ చెప్పను. అటువంటివి చాలా ఉన్నాయి, లెక్క అన్నిటికీ ఒకటే.

ఈ ఆలోచన ఎక్కడిది?

ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. ఈ ఆలోచన మోసం కాదు. 1999లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో డిక్సన్ డెస్పోమియే అనే ఆచార్యుడు తన విద్యార్థులతో కలిసి, పట్నాలలో అంతస్తుల మీద పంటలు పండించడం గురించి ఆలోచించాడు. 2010లో దాని మీద పుస్తకం కూడా వ్రాశాడు. వేర్లను పోషకాలు కలిపిన నీటిలో ఉంచి, ఎల్.ఇ.డి. దీపాల కింద మొక్కను పెంచుతారు. అదే నీరు తిరిగి తిరిగి వాడతారు గనుక పొలంలో పట్టే నీటిలో చాలా చిన్న భాగమే పడుతుంది. పురుగుమందు దాదాపు అక్కరలేదు. వానతో, వడగాడ్పుతో పని లేదు. తినే తిండిలో నూటికి తొంభై పాళ్ళు బయటి దేశాల నుంచి తెచ్చుకునే సింగపూరు వంటి చోట దీని మీద ఆశ పెట్టుకోవడంలో వింత లేదు. మన హైదరాబాదులో కూడా అర్బన్‌కిసాన్ వంటి సంస్థలు మట్టి లేని సేద్యాన్ని జనానికి పరిచయం చేశాయి.

అయితే పెద్ద పెట్టుబడితో దిగినవారి సంగతి కూడా తెలుసుకోవాలి. అమెరికాలో ఏరోఫార్మ్స్ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరి కోర్టుకు వెళ్ళింది. బోవరీ అనే సంస్థ 2024 నవంబరులో మూతపడింది. ప్లెంటీ అనే మరొకటి 2025 మార్చిలో కోర్టుకెక్కింది. వీరెవరూ తెలివితక్కువవారు కారు, డబ్బు లేనివారూ కారు. మరి ఎక్కడ దెబ్బ తిన్నారు? కారణాలు ఎన్నో ఉండవచ్చు. వాటిలో పెద్దది, మనకు తెలిసినది ఒకటుంది. అది కరెంటు మీటరు.

యూనిట్ల లెక్క

ఇక మీరంతా వేళ్ళ మీద లెక్కించుకోగలిగేలా చెబుతాను. పిల్లలు కూడా వినండి.

లెట్యూస్ వంటి ఆకుకూర వంద చదరపు అడుగుల అరలో పెంచాలంటే, మంచి రకం ఎల్.ఇ.డి. దీపాలు కూడా సుమారు 600 వాట్లు కావాలి. అవి రోజుకు పదహారు గంటలు వెలగాలి. అంటే దగ్గర దగ్గర 10 యూనిట్లు. దీపం తిన్న కరెంటంతా చివరకు వేడిగా మారి ఆ గదిలోనే ఉంటుంది. మన ఊరి మే నెలలో ఆ వేడిని బయటకు తోడాలంటే ఏసీలు నడవాలి. వాటికీ, పంపులకూ కలిపి మరో 4 యూనిట్లు. వెరసి వంద చదరపు అడుగుల అరకు రోజుకు 14 యూనిట్లు.

వెయ్యి అడుగుల షెడ్డులో నడక దారులు పోను 500 అడుగులు మిగిలింది అనుకుందాం. అయిదంతస్తులంటే 2500 అడుగుల అర. రోజుకు 350 యూనిట్లు. ఒక్క దీపాలే 15 కిలోవాట్లు. అంటే పదిహేను ఇస్త్రీ పెట్టెలు ఒకే గదిలో పదహారు గంటలు వేడెక్కుతూ ఉన్నట్లు.

సోలార్ సంగతి చూద్దాం. మన ప్రాంతంలో ఒక కిలోవాటు పలకలు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. దారీ, నీడా లెక్కలోకి తీసుకుంటే వాటికి వంద చదరపు అడుగుల ఖాళీ జాగా కావాలి. 350 యూనిట్లు రావాలంటే 87 కిలోవాట్లు, అంటే సుమారు 8,700 అడుగులు. మన భాషలో చెప్పాలంటే ఇరవై సెంట్లు, చెట్టు నీడ పడని ఇరవై సెంట్లు. పుస్తకంలో వేసిన 20 కిలోవాట్లు ఇచ్చేది 80 యూనిట్లు. మిగతా 270 యూనిట్లు ఎవరిస్తారు? మీటరు ఇస్తుంది. యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా నెలకు 56,700 రూపాయలు. "బిల్లు సున్నా" అన్నది ఇది.

ఇందులో కిటుకు ఏమిటంటే, అరలను ఒకదానిమీద ఒకటి పేర్చవచ్చు గాని, ఎండను పేర్చలేము. ఎండ నేలమీద పరుచుకునే పడుతుంది. ఆకును అయిదంతస్తులు ఎక్కిస్తే, పలకలను దాని చుట్టూ పరచవలసిందే. పైగా పలక మీద పడిన ఎండలో నూటికి ఇరవై పాళ్ళే కరెంటవుతుంది. దీపం ఆ ఇరవైలో పది, పన్నెండు పాళ్ళు మాత్రమే మళ్ళీ వెలుగుగా ఇస్తుంది. నూరు రూపాయలు మార్చబోయి పన్నెండు రూపాయలు ఇంటికి తెచ్చుకున్నట్లు. అదే ఎండ బయట చెట్టు మీద ఉచితంగా పడుతూనే ఉంది గదా!

దిగుబడి బాగా వస్తే రోజుకు యాభై కిలోల ఆకు. కిలోకు 7 యూనిట్లు, కరెంటుకే 49 రూపాయలు. ఇది అంతా సవ్యంగా నడిచినప్పటి లెక్క. 2021లో ప్రపంచవ్యాప్తంగా ఇటువంటి తోటలను అడిగి తీసిన లెక్కలో సగటున కిలోకు దాదాపు 39 యూనిట్లు తేలింది. ఎండను వాడుకునే గ్రీన్‌హౌసులకు 5 యూనిట్లు చిల్లర మాత్రమే. కిలోకు నూటయాభై ఇచ్చే పెద్ద హోటళ్ళు పక్కనే ఉన్న నగరంలో ఒకరికి గిట్టవచ్చు, కాదనను. ఆగిరిపల్లిలో తోటకూర కట్ట పది రూపాయలకు బేరమాడే మన మధ్య గిట్టదు.

మరి వరి పండిస్తే? అని సభలో ఎవరో అంటున్నారు. దానికీ జవాబుంది. ఆకుకూరలో నూటికి తొంభై అయిదు పాళ్ళు నీరే. కిలో ఆకులో ఎండు పదార్థం యాభై గ్రాములు. కిలో బియ్యం రావాలంటే గడ్డి, ఊక, వేరు కలిపి మొక్క కనీసం రెండు కిలోల ఎండు పదార్థం తయారు చెయ్యాలి. అంటే నలభై రెట్లు. కిలోకు 280 యూనిట్లు, రమారమి రెండు వేల రూపాయలు. ఆ అన్నం ఎవరు తింటారు?

ఈ లెక్క ఒక తెల్లకాగితం మీద వ్రాసి మనవడికిచ్చాను. వాడు చదువుకున్నవాడు, రెండుసార్లు చూసుకున్నాడు. కంపెనీ వారికి ఫోను చేసి రోజుకు ఎన్ని యూనిట్లో కాగితం మీద వ్రాసి ఇమ్మన్నాడు. వారు మళ్ళీ రంగుల పుస్తకమే పంపారు. వాడు మారు మాట్లాడకుండా తోటలోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాడు. ఆ రోజు నేను గెలిచానన్న సంతోషం నాకు కలగలేదు. వాడి ముఖం చూస్తే నాకే బాధ వేసింది.

వెలుగు అక్కరలేని పంట

ఆ సంగతి మన సంఘం నెలవారీ సమావేశానికి వచ్చినప్పుడు మాటల్లో చెప్పాను. మనలోనే ఉన్న ఒక విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి నవ్వి, "నాలుగు గోడలు, అంతస్తుల అరలు మీ వాడికి అంత ఇష్టమైతే, వెలుగుతో పని లేని పంట వెయ్యమనండి. పుట్టగొడుగులు వెయ్యండి" అన్నారు. ఇంత చిన్న మాట నాకు తట్టలేదు. ఆకు తన తిండిని వెలుగుతో వండుకుంటుంది. పుట్టగొడుగు వండుకోదు, వరిగడ్డిలో ఉన్న తిండినే తింటుంది. పొలంలో సూర్యుడు వండి పెట్టిన వంటే ఆ గడ్డి. గదిలో పుస్తకం చదువుకునేపాటి వెలుతురు ఉంటే చాలు.

ఇంటి వెనుక పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు పాక వేశాము. చెట్టు ఒక్కటీ కొట్టలేదు, వాటి నీడలోనే వేశాము. లోపల నాలుగంతస్తుల అరలు. వరిగడ్డిని ముక్కలు చేసి, రాత్రంతా నానబెట్టి, వేడి నీటిలో గంటసేపు ఉంచి, ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో పొరలు పొరలుగా విత్తనం చల్లుతాము. చలికాలంలో ముత్యపు చిప్ప రకం. ఎండాకాలంలో పాల పుట్టగొడుగు. ఇది 30 నుంచి 35 డిగ్రీల వేడిని ఓర్చుకుంటుంది గనుక మన ప్రాంతానికి అనువైనది. గాలిలో తేమ మాత్రం ఎప్పుడూ నూటికి ఎనభై పాళ్ళకు తగ్గకూడదు. అందుకు తడి గోనెలు, మంచు వంటి తుంపర చల్లే చిన్న ఫాగర్లు, గాలి మార్చే ఒక ఫ్యాను. అంతా కలిపి రోజుకు మూడు, నాలుగు యూనిట్లు. అంటే ఒక్క కిలోవాటు సోలార్! అక్కడ 87, ఇక్కడ 1. పంట మారేసరికి లెక్క ఎంత మారిందో చూడండి.

అంతా సజావుగా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. మొదటి వేసవిలో గడ్డి సరిగా ఉడకలేదు. అరవై సంచులకు పచ్చబూజు పట్టింది. అన్నీ తీసుకువెళ్ళి దూరంగా పాతిపెట్టవలసి వచ్చింది. కోసిన సరుకు మరునాటికి నిలవదు, తెల్లవారే బెజవాడకో నూజివీడుకో చేరాలి. రెండవ ఏడాది నుంచి ఖర్చులు పోను నెలకు ఆరేడు వేలు మిగులుతున్నది. కార్తీకమాసంలో కొంచెం ఎక్కువ. ఇది లక్షలు తెచ్చే వ్యాపారం కాదు. మా ఇద్దరి మందుల ఖర్చు వెళ్ళిపోతున్నది, పింఛను డబ్బు కదలలేదు, తోట కాగితాలు బీరువాలోనే ఉన్నాయి.

కరెంటు పోతే సోలార్ ఎందుకు ఆగుతుంది?

ఇంటి మీద సోలార్ పెట్టుకున్న మిత్రులు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇచ్చింది. మేమూ పెట్టించుకున్నాము. అది నివాస గృహాలకు ఉద్దేశించిన రాయితీ. షెడ్డుకీ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మి సంతకం పెట్టవద్దు. ఇక, లైనులో కరెంటు పోగానే, మిట్టమధ్యాహ్నమైనా, మామూలు ఇంటి సోలార్ కూడా ఆగిపోతుంది. "ఎండ ఉంది గదా, ఇదేం విడ్డూరం?" అంటారు.

ఇందుకు కారణం నాకు కళ్ళకు కట్టినట్లు తెలుసు. నేను కొత్తగా చేరిన రోజుల్లో, ఒక గాలివాన తరువాత లైను ఆపుచేసి పని చేస్తుండగా, ఎవరో తమ జనరేటరును సరైన స్విచ్ లేకుండా నడిపారు. ఆ కరెంటు వెనక్కు తిరిగి లైనులోకి వచ్చింది. స్తంభం మీద ఉన్నది నాతో పాటు ఒకే క్యారియరులో అన్నం తిన్న స్నేహితుడు. ప్రాణం దక్కింది, కుడిచెయ్యి దక్కలేదు. మీ ఇంటి ఇన్వర్టరు కరెంటు పోగానే ఆగిపోతున్నదంటే, మీకు కనిపించని ఒక లైన్‌మన్ చేతిని అది కాపాడుతున్నదన్నమాట. దానిని మాయచేసి నడిపించమని ఏ కుర్రవాడినీ అడగకండి. కరెంటు లేనప్పుడు కూడా నడవవలసిన పని ఉంటే, లైనుతో సంబంధం లేకుండా బ్యాటరీతో వేరుగా పెట్టుకోవాలి. పాకలోని ఫాగర్లకు మేము చేసింది అదే.

పలక కింద పందిరి

మనవడి ఆకుకూరల కోరిక కూడా తీరింది. డాబా మీది పలకలను ఎనిమిది అడుగుల ఎత్తున వేయించాము. వాటి కింద వాలుగా గొట్టాలు మూడు వరుసలు పెట్టి, నీరు తిప్పి, పాలకూర, కొత్తిమీర, పుదీనా పెంచుతున్నాడు. దీపాలు లేవు, ఏసీలు లేవు, చిన్న పంపు ఒక్కటే. పక్కల నుంచి వచ్చే వెలుగు చాలు. మన ఏప్రిల్, మే ఎండలకు కొత్తిమీర బయట మాడిపోతుంది. పలక నీడ దానికి గొడుగైంది.

ఇది మా వాడి సొంత తెలివి కాదు. పలకల కింద పంట అనే ఆలోచనను 1981 ప్రాంతంలో జర్మనీ శాస్త్రజ్ఞులు చెప్పారు. 2015లో పూర్తిగా సౌరశక్తితో నడిచే విమానాశ్రయంగా పేరు తెచ్చుకున్న కొచ్చిన్‌లో పలకల నడుమ కూరగాయలు పండించారు. జోధ్‌పూర్‌లోని కేంద్ర పరిశోధనా సంస్థ కూడా పలకల మధ్య పంటలు వేసి చూసింది. మన హైదరాబాదుకు చెందిన ఖేతీ అనే సంస్థ చిన్న రైతులకు చవకగా వలల ఇల్లు తయారుచేసి 2022లో ఎర్త్‌షాట్ బహుమతి అందుకుంది. అందులోనూ దీపాల వెలుగు కాదు, సూర్యుడి వెలుగే. ఎండ విరివిగా ఉన్న దేశంలో ఎండను కొంచెం అడ్డుకోవడం తెలివి, పూర్తిగా మూసివేసి మళ్ళీ కొనుక్కోవడం కాదు.

చివరగా

పిల్లలు ఏదైనా కొత్త పని తెస్తే వెంటనే కాదనకండి. అలాగని కమ్యుటేషన్ డబ్బు తీసి చేతిలో పెట్టకండి. మూడు ప్రశ్నలు అడగండి. రోజుకు ఎన్ని యూనిట్లు? ఆ యూనిట్లు ఏ జాగాలోంచి, ఏ గంటలో వస్తాయి? సరుకు కంపెనీ కొనకపోతే మన ఊళ్ళో ఎవరు, ఎంతకు కొంటారు? జవాబులు కాగితం మీద రావాలి. వచ్చినా ఒక అరతో మొదలుపెట్టండి, అయిదంతస్తులతో కాదు. లెక్క తెలియకపోతే సిగ్గుపడనక్కరలేదు. మనలో కరెంటు పని చేసినవారున్నారు, వ్యవసాయ శాఖలో చేసినవారున్నారు, బ్యాంకులో చేసినవారున్నారు. మన సంఘం ఉన్నది డి.ఎ. బకాయిల అర్జీలకే కాదు, ఇందుకు కూడా.

రథసప్తమికి మన శోభనాచలం తిరునాళ్ళ చూసి పెరిగినవాళ్ళం. ఆ రోజు సూర్యుడికి నమస్కరించి జిల్లేడాకులతో స్నానం చేస్తాము. మొన్న వేసవిలో మనవడు తూర్పు వైపు చెట్టు కింద కూర్చుని చిన్నరసం పిండుకుంటూ, "తాతయ్యా, ఇదీ అంతస్తుల తోటే. పైన ఆకులు పలకలు, కింద పసుపు వేసుకోవచ్చు, బిల్లు నిజంగా సున్నా" అన్నాడు. ఆ మాట మా ఇంటావిడ వంటింట్లోంచి విన్నది. మరో రెండు కాయలు తెచ్చి వాడి ముందు పెట్టింది.

 పాక చూడదలచినవారు ఎప్పుడైనా రావచ్చు. తెల్లవారే వస్తే కోత కూడా చూడవచ్చు.